ప్యాటర్న్ పేపర్ మీద తెలుగు జర్నలింగ్ కనపడాలంటే: కార్డ్ వేయాలా, పేపర్ లేతగా చేయాలా, అక్షరానికి అవుట్‌లైన్ పెట్టాలా?

డిజిటల్ స్క్రాప్‌బుక్, అంటే ఫోటోలూ వాటి కథా కలిపి కంప్యూటర్‌లో ఆల్బమ్ పేజీలు, చేసేవాళ్ళందరికీ ఈ బాధ తెలుసు. కిట్ (పేపర్లూ కార్డులూ అలంకారాలూ కలిపి దొరికే ఫైళ్ళు) ఓపెన్ చేయగానే అందులో పూల పేపర్ చూసి మనసు పారేసుకుంటాం, దాన్నే బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టేస్తాం, ఫోటోలు కూడా చక్కగా అమరుతాయి, ఆ తర్వాత పాప అన్నప్రాసన రోజు ఏం జరిగిందో ఓ పది లైన్లు టైప్ చేసి (జర్నలింగ్ అంటే ఇదే) పైన పెట్టగానే మొత్తం కలగాపులగం, ఏది పూలతీగో ఏది అక్షరం కొమ్మో తెలీదు. ఫోటోలో ఎవరున్నారో ఎవరైనా చూసి చెప్తారు, కానీ పాప బంగారం పట్టుకుందా పుస్తకం పట్టుకుందా, మేనమామ ఏమన్నాడు, తాతయ్య ఎందుకు కళ్ళు తుడుచుకున్నాడు అనేది ఆ పది లైన్లలోనే ఉంటది. అవి చదవలేకపోతే ఆ పేజీ సగం పోయినట్టే.

దీనికి దార్లు చాలానే ఉన్నాయి, అన్నీ అన్నిచోట్లా పనిచేయవు, అందుకే ఒక్కోటి పక్కపక్కన పెట్టి చెప్తాను. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తా: తెలుగులో రాస్తుంటే అక్షరాన్ని లావు చేసి, చుట్టూ గీత కట్టి, నీడ పెట్టి గట్టెక్కించాలని చూడకండి, కింద ఉన్న పేపర్‌ని శాంతపరచండి. ముగ్గు వేసేముందు వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లేది అందుకే కదా, పిండి ఎంత తెల్లగా ఉన్నా కింద నేల బాగోకపోతే ముగ్గు తేలదు.

ఇంగ్లీష్ ట్యుటోరియల్స్‌లో బోల్డ్ చేసి స్ట్రోక్ పెట్టమని ఈజీగా చెప్పేస్తారు. వాళ్ళ క్యాపిటల్ లెటర్స్‌కి అది నిజంగానే పనిచేస్తది, నిలువు గీతలు, అడ్డగీతలు, మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు. మన అక్షరం అలా కాదు. గుండ్రం, అందులో ఇంకో చిన్న సుడి, పైన తలకట్టో గుడో, కింద వత్తు, పక్కన సున్నా. చుక్కల పేపర్ సంగతే తీసుకోండి, మనకి గుండ్రం అంటే సున్నా. ‘పండగ’ అని రాసి దాదాపు అదే సైజు గుండ్రాలున్న పేపర్ మీద పెడితే ఆ సున్నా పేపర్‌లో కలిసిపోయి ‘పడగ’ మిగులుద్ది. ఇంకో లైన్‌లో పేపర్ గుండ్రమే అక్షరం పక్కకి వచ్చి కూర్చుని లేని సున్నాని పుట్టిస్తది. ఠ, థ లోపలి చుక్కల గురించి ఇక చెప్పక్కర్లేదు. అడ్డ చారల పేపర్ మీద తలకట్లు పోతాయి. అన్నిటికన్నా కష్టం తీగల డిజైన్లు, పెడన కలంకారీ అచ్చుల్లాంటివి, ఆ తీగ వంపులూ మన కొమ్ములూ ఏత్వాలూ అన్నీ ఒకే రకం వంపు, చాలాసార్లు ఒకే మందం, రంగు వేరుగా ఉన్నా కన్ను తికమక పడుద్ది.

ముందు సైజు లెక్క తేల్చుకోండి

ఇది చాలామంది వదిలేస్తారు. మామూలు పేజీ 12 బై 12 అంగుళాలు, 300 రిజల్యూషన్ (అంగుళానికి 300 పిక్సెల్స్), అంటే 3600 బై 3600 పిక్సెల్స్. ఇందులో 12 పాయింట్ అక్షరం 50 పిక్సెల్స్ ఎత్తు పడుద్ది, కంప్యూటర్‌లో జూమ్ చేసి పనిచేస్తున్నప్పుడు దివ్యంగా కనపడుద్ది. అదే పేజీని ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టారనుకోండి, 1080 పిక్సెల్స్ వెడల్పున్న ఫోన్‌లో ఆ 50 కాస్తా 15 అయిపోతది, ఆ 15 పిక్సెల్స్‌లోనే గుడి, అక్షరం, వత్తు మూడూ సర్దుకోవాలి, పైగా వాట్సాప్ ఫోటోని నొక్కేసి పంపిస్తది. ప్లెయిన్ పేపర్ మీదే అది కష్టం, పూల పేపర్ మీద అసాధ్యం. కాబట్టి ఫోన్‌లో చూసే పేజీ అయితే 20 నుంచి 24 పాయింట్ దాకా వెళ్ళండి, మాటలు తగ్గించుకోండి. 12 అంగుళాల పుస్తకంగానే ప్రింట్ చేయిస్తుంటే 11, 12 పాయింట్ సరిపోతది. 12 అంగుళాలకి చేసిన పేజీని 8 బై 8 బుక్‌గా ప్రింట్ చేయిస్తే మాత్రం ప్రతిదీ మూడింట రెండొంతులకి కుదించుకుపోద్ది, మీ 12 పాయింట్ 8 అవుద్ది, 10 పెట్టి ఉంటే 7 కూడా రాదు. ఇంట్లో పెద్దవాళ్ళు చదవాలనుకుంటే ఈ ఒక్క లెక్క ముందే వేసుకోండి.

లైన్ గ్యాప్ కూడా ఇక్కడే చూసుకోండి. ఫోటోషాప్‌లో ఆటో లీడింగ్ (అదే పెట్టే లైన్ గ్యాప్) ఫాంట్ సైజుకి 120 శాతం ఉంటది, అంటే 12 పాయింట్‌కి 14.4. అది ఇంగ్లీష్‌కి సరిపోద్దేమో గానీ మనకి పైలైన్ ‘అమ్మమ్మ’ వత్తులు కిందలైన్ గుళ్ళని గుద్దుకుంటాయి. 18 నుంచి 20 పెట్టండి. కింద ప్యాటర్న్ ఉందంటే ఇంకాస్త ఎక్కువే పెట్టండి, లైన్ల మధ్య ఖాళీ కనపడితేనే కన్ను ఒక లైన్ పట్టుకుని చివరిదాకా వెళ్ళగలుగుద్ది.

జర్నలింగ్ కార్డ్: ఎక్కువ కథ ఉంటే ఇదే

ప్యాటర్న్ పేపర్ మీద ప్లెయిన్ కార్డ్ ఒకటి పెట్టి దాని మీద రాయడం. పాతదే, కాగితం స్క్రాప్‌బుక్స్ రోజుల నుంచీ ఉన్నదే, ఇప్పటికీ దీన్ని మించింది లేదు. 40 మాటలు దాటిన జర్నలింగ్ ఏదైనా నేను కార్డ్ మీదే పెట్టమంటాను, ఇంక ఆలోచించక్కర్లేదు. పేపర్ ఎంత గోలగా ఉన్నా దాని అందం చెడదు, అక్షరానికీ దానికీ గొడవ ఉండదు.

కాకపోతే కొన్ని చూసుకోవాలి. కిట్‌లలో వచ్చే కార్డులు ఎక్కువగా 3 బై 4 అంగుళాలు, లేదా 4 బై 6. మన మాటలు పొడుగు, 3 అంగుళాల వెడల్పులో 11 పాయింట్‌కి లైన్‌కి మూడు నాలుగు మాటలకి మించి పట్టవు, మొత్తం కార్డ్‌కి అటూ ఇటూగా 40, 50 మాటలు. అంతకన్నా ఉంటే 4 బై 6 తీసుకుని అడ్డంగా వాడండి. సన్నటి కార్డ్ మీద టెక్స్ట్‌ని రెండు వైపులా సమంగా లాగే జస్టిఫై అస్సలు పెట్టకండి, ‘అక్షరాభ్యాసానికి’ లాంటి మాట ఒకటి లైన్‌లో పడితే మిగతా రెండు మాటల మధ్య ఊరంత ఖాళీ వస్తది. ఎడమవైపుకి అలైన్ చేసి వదిలేయండి. కిట్ కార్డుల మీద ముందే గీతలు ఉంటాయి చూడండి, రాసుకోవడానికి అన్నట్టు, అవి ఇంగ్లీష్ సైజుకి కొట్టినవి, మన వత్తులు ఆ గీతని దాటి కిందకి దిగుతాయి. గీతలు లేని కార్డ్ వెతుక్కోండి, దొరక్కపోతే రెక్టాంగిల్ టూల్‌తో మీరే ఒకటి గీసేసుకోండి, నిమిషం పని.

కార్డ్ రంగు గురించి ఒక మాట. పచ్చి తెలుపు పెడితే ముదురు పూల పేపర్ మీద అది అతికించిన స్టిక్కర్‌లా ఎగిరి కనపడుద్ది. ఐడ్రాపర్ (రంగు పట్టుకునే టూల్) తీసుకుని పేపర్‌లోనే ఉన్న అన్నిటికన్నా లేత రంగు పట్టుకోండి, దాన్ని ఇంకాస్త తెలుపు వైపు జరపండి, అదే కార్డ్ రంగు. అక్షరాలకి ఆ పేపర్‌లోనే ఉన్న అన్నిటికన్నా ముదురు రంగు, దాన్ని ఇంకాస్త నలుపు వైపు జరపండి. రెండూ పేపర్ నుంచే వచ్చాయి కాబట్టి పేజీలో ఇమిడిపోతాయి. కార్డ్‌కి నీడ పెట్టండి, అక్షరానికి వద్దు. కాగితం మీద రాసిన సిరాకి నీడ పడదు కదా, అక్షరానికి నీడ పెడితే అది కార్డ్ మీద రాసినట్టు కాకుండా గాల్లో తేలుతున్నట్టు ఉంటది, అంచులు మసకబారతాయి కూడా. నాలుగు పక్కలా కనీసం పావు అంగుళం, అంటే 75 పిక్సెల్స్, ఖాళీ వదలండి.

మరి కార్డ్ ఎక్కడ నప్పదంటే, ఫోటోలు ఎక్కువైపోయి చోటు లేనప్పుడు, ఇంకా పేపరే ఆ పేజీకి ప్రాణం అయినప్పుడు. అమ్మమ్మ చీర స్కాన్ చేసి పేపర్‌గా వాడుకుంటున్నాం అనుకోండి, దాని మీద పెద్ద కార్డ్ వేసి కప్పేస్తే చీర పెట్టి లాభమేంటి.

స్ట్రిప్స్

లైన్‌కో సన్నటి పట్టీ వేసి దాని మీద ఒక్కో ముక్క రాయడం. మూడు నాలుగు చిన్న మాటలకి భలే ఉంటాయి, ‘తొలి అడుగు’, ‘మేనత్త చేతి గాజులు’ ఇలాంటివి. కిట్‌లో వచ్చే రెడీమేడ్ పట్టీలు సన్నగా ఉంటాయి, ఇంగ్లీష్ లైన్‌కి కొలిచినవి కాబట్టి ‘ముద్దు’ అని రాయగానే ద వత్తు పట్టీ దాటి పేపర్ మీద పడుద్ది, అక్కడే అది పోతది. పట్టీ ఎత్తు ఫాంట్ సైజుకి కనీసం రెండింతలు ఉండేట్టు చూసుకోండి. పెద్ద పేరాని మాత్రం స్ట్రిప్స్‌గా ముక్కలు చేయొద్దు, చదివే ఊపు పోతది.

వెల్లమ్ పద్ధతి: పేపర్‌ని లేతగా చేయడం

ఇది నాకు చాలా ఇష్టమైన దారి, కానీ జాగ్రత్తగా చేయాలి. ప్యాటర్న్ పేపర్ పైన, టెక్స్ట్ లేయర్ కింద, తెల్లటి ఆకారం ఒకటి వేసి దాని ఒపాసిటీ (ఎంత దట్టంగా కప్పాలనేది) తగ్గిస్తే వెల్లమ్ అనే మసక కాగితం పరిచినట్టు డిజైన్ లోపల్నుంచి లీలగా కనపడుతూ ఉంటది. పేపర్ పోలేదు, గోల తగ్గింది.

ఒపాసిటీ ఎంత అన్నదే అసలు ప్రశ్న. లెక్క చెప్తాను. పేపర్‌లో పచ్చి నలుపు ఉన్నా సరే, పైన 50 శాతం తెలుపు వేస్తే ఆ నలుపు నడిమి బూడిద రంగు, అంటే 0 నుంచి 255 స్కేల్‌లో 128 అవుద్ది, దాని మీద నల్ల అక్షరం కాంట్రాస్ట్ (రెండు రంగుల వెలుగు తేడా, 1 అంటే తేడా లేనట్టే) 5 చిల్లర వస్తది. వెబ్ పేజీలకి పాటించే రూల్ ప్రకారం మామూలు సైజు అక్షరానికి 4.5 ఉంటే చాలు, కాబట్టి పాస్ అయిపోయింది అనుకుంటాం. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. కానీ 50 దగ్గర పేపర్‌లోని ముదురు ముక్కలకీ లేత ముక్కలకీ మధ్య తేడా ఇంకా బాగా ఉంటది, డిజైన్ అంచులు ఇంకా పదునుగానే ఉంటాయి, ఆ అంచులే అక్షరం అంచులతో పోటీ పడేది. 70 శాతానికి వెళ్తే నల్ల అక్షరం కాంట్రాస్ట్ 10 దాకా పోతది, పేపర్ లోపలి తేడా 2 దగ్గరకి దిగుద్ది. 85 దగ్గర ఆ లోపలి తేడా ఒకటిన్నర లోపే, అప్పుడు డిజైన్ నిజంగా నీడలా మిగులుద్ది. ఇంగ్లీష్‌లో రాసేవాళ్ళు 60, 70 దగ్గర ఆపేసినా నడిచిపోద్దేమో, తెలుగు చిన్న సైజుకి నేను 80 నుంచి 85 చెప్తాను. చుక్కలూ తీగలూ అయితే 85కి తగ్గొద్దు. 20 పాయింట్ దాటిన పెద్ద అక్షరాలకి 70 చాలు. ఈ లెక్కంతా నల్ల అక్షరానికి, ముదురు గోధుమో నీలమో పెడితే కాంట్రాస్ట్ ఇంకాస్త తగ్గుద్ది, దాన్ని బట్టి తెలుపు పెంచుకోండి.

తెలుపే వేయాలని లేదు, పేపర్‌లోని లేత రంగు వేసినా బాగుంటది. ఇంకో దారి ఏంటంటే పేపర్ మొత్తాన్నీ లెవెల్స్ (వెలుగు నీడలు సర్దే టూల్)లో లేత చేయడం, అవుట్‌పుట్ దగ్గర నల్ల స్లైడర్‌ని 180, 200 దాకా లాగితే పేపర్ అంతా వెలిసిన అద్దకంలా అవుద్ది. పేజీ మొత్తం జర్నలింగే అయితే అది చేయండి, లేకపోతే వద్దు, ఫోటోల పక్కన పేపర్ జీవం పోతది. మసక ముక్క అంచులు కూడా మీ ఇష్టం, గీత గీసినట్టు కావాలంటే అలాగే వదిలి చిన్న నీడ ఇవ్వండి, నిజం వెల్లమ్ అంటించినట్టే ఉంటది, మెత్తగా కలిసిపోవాలంటే లేయర్ మాస్క్ వేసి అంచుల్ని మెత్తటి బ్రష్‌తో చెరిపేయండి. మెత్తటి అంచు పెడితే మాత్రం అక్షరాలు ఆ కరిగిపోయే చోటికి వెళ్ళకుండా చూసుకోండి, లైన్ మొదటి అక్షరం, చివరి అక్షరం అక్కడే మునుగుతాయి.

ఖాళీ చోటు వెతుక్కోవడం

అన్నిటికన్నా అందమైన పేజీలు ఇలాగే వస్తాయి. పేపర్ ఎంచుకునేటప్పుడే జర్నలింగ్ ఎక్కడ పడుద్దో చూసుకోవడం. మంగళగిరి చీర ఫోటో తీసి పేపర్‌గా వాడుకుంటే చూడండి, ఒళ్ళంతా ప్లెయిన్, అంచులో జరీ, ఆ ప్లెయిన్ ఒళ్ళు మీద రాసేసుకోవచ్చు, ఏ తంటా లేదు. పోచంపల్లి ఇక్కత్ అయితే డిజైన్ అంచులు నేతలోనే కాస్త కరిగినట్టు ఉంటాయి, అందువల్ల అచ్చు వేసిన పదునైన డిజైన్ అంత ఇబ్బంది పెట్టదు, కానీ రంగుల తేడా ఎక్కువ, ఆ పెద్ద డైమండ్ మధ్యలో ఖాళీ రంగు ఉంటే అక్కడ ఒకట్రెండు మాటలు పడతాయి. కలంకారీలో ఖాళీ వెతకడం దండగ, దానికి నేరుగా కార్డో 85 శాతం వెల్లమో. కిట్ పేపర్లలో ఒక మూలకే పూలగుత్తి ఉండి మిగతాది ప్లెయిన్‌గా ఉండేవి కూడా దొరుకుతాయి, జర్నలింగ్ ఎక్కువ రాసేవాళ్ళు అలాంటివి దాచుకోండి. పేపర్‌ని తిప్పొచ్చని కూడా మర్చిపోవద్దు, 90 డిగ్రీలు తిప్పితే ఆ గుత్తి మనకి అడ్డు లేని మూలకి వెళ్ళిపోతది.

బ్లర్ గురించి త్వరగా చెప్పేస్తా. పేపర్ మీద 30, 40 పిక్సెల్స్ గాసియన్ బ్లర్ వేస్తే పదును పోతది నిజమే, కానీ పేపర్ కాగితంలా ఉండదు, ఫోకస్ తప్పిన ఫోటోలా ఉంటది, పైగా ముదురు మచ్చలు మచ్చల్లాగే ఉండిపోతాయి, వాటి మీద పడిన అక్షరం పోతూనే ఉంటది. ఫోటోనే బ్యాక్‌గ్రౌండ్‌గా వాడినప్పుడు బాగుంటది, ప్యాటర్న్ పేపర్‌కి వద్దు.

అవుట్‌లైన్, గ్లో, షాడో

ఎక్కువమంది మొదట పట్టుకునేది వీటినే, ఎందుకంటే ఒక్క క్లిక్. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

స్ట్రోక్ అంటే అక్షరం చుట్టూ వేరే రంగు గీత. ముదురు అక్షరానికి తెల్ల స్ట్రోక్ పెడితే చుట్టూ చిన్న ఖాళీ ఏర్పడి డిజైన్ నుంచి విడిపడుద్ది, ఐడియా మంచిదే. 12 పాయింట్ దగ్గర ఏం జరుగుద్దో జూమ్ చేసి చూడండి. అక్షరం ఎత్తు 50 పిక్సెల్స్ అనుకున్నాం, అందులో థ కడుపులోని చుక్కకీ గోడకీ మధ్య ఉండే సందు కొన్ని పిక్సెల్స్ మాత్రమే. 6 పిక్సెల్స్ స్ట్రోక్ బయటవైపుకి పెట్టినా ఆ ‘బయట’ అంటే కడుపు లోపలి ఖాళీ కూడా, అటు నుంచీ ఇటు నుంచీ గీత వచ్చి సందంతా తెల్లగా నిండిపోతది. అక్షరం లోపల తెల్ల ముద్ద, చుట్టూ తెల్ల ముద్ద, కాస్త దూరం నుంచి చూస్తే ద, ధ, థ మూడూ ఒకటే. వత్తుకీ అక్షరానికీ మధ్య సందు కూడా అంతే. ముదురు స్ట్రోక్ అయితే ఇంకా ఘోరం, అక్షరమే ఉబ్బిపోతది. ఇంకోటి, స్ట్రోక్ పొజిషన్‌లో ఇన్‌సైడ్, సెంటర్ రెండూ అక్షరం మందాన్నే తినేస్తాయి, పెట్టక తప్పకపోతే అవుట్‌సైడ్ ఒక్కటే వాడండి.

టైటిల్‌కి అయితే స్ట్రోక్ బ్రహ్మాండం. 60 పాయింట్ దాటిన ‘పుట్టినరోజు’ అనే టైటిల్‌కి 10, 12 పిక్సెల్స్ తెల్ల అంచు పెడితే కాగితం కత్తిరించి అంటించినట్టు ఉంటది, అక్కడ నీడ కూడా నప్పుద్ది, ఎందుకంటే అది కత్తిరించిన ముక్క, రాసిన సిరా కాదు.

గ్లో అంటే అక్షరం చుట్టూ పరుచుకునే మెత్తటి వెలుగు, ఇది స్ట్రోక్ కన్నా నయం. ఫోటోషాప్‌లో అవుటర్ గ్లో డిఫాల్ట్‌గా ‘స్క్రీన్’ అనే బ్లెండ్ మోడ్‌లో (కింది రంగుతో కలిసే తీరు) ఉంటది, లేత పేపర్ మీద అది దాదాపు కనపడదు, పని చేయట్లేదని చాలామంది వదిలేస్తారు. మోడ్‌ని నార్మల్ చేసి, రంగు పేపర్‌లోని లేత రంగు పెట్టి, సైజు 40, 50 పిక్సెల్స్ దాకా పెంచి, స్ప్రెడ్ కొంచెం ఇవ్వండి. అప్పుడది ఒక్కో అక్షరం చుట్టూ వెలుగులా కాకుండా లైన్ మొత్తం కింద లేత మేఘంలా పరుచుకుంటది. నిజానికి ఇది వెల్లమ్ పనే, అక్షరం ఆకారంలో చేసిన వెల్లమ్. ఒకటి రెండు లైన్ల క్యాప్షన్‌కి ఇది చాలా బాగుంటది. పేరాకి పెడితే లైన్ల మధ్య అక్కడక్కడా మచ్చలు మచ్చలుగా పేపర్ కనపడి చికాకు, దానికన్నా నేరుగా వెల్లమ్ వేసుకోండి.

జర్నలింగ్‌కి డ్రాప్ షాడో మాత్రం ఏ పేపర్ మీదా నేను ఒప్పుకోను. ప్రతి గీతకీ పక్కన ఇంకో గీత పుడతది, మన అక్షరానికి ఉన్న గీతలే చాలు.

ఫాంట్ మార్చితే సరిపోద్దా?

ఒంటరిగా సరిపోదు, కానీ ఏ పద్ధతి తీసుకున్నా ఫాంట్ తప్పయితే మిగతా పనంతా వృథా. రెండు మూడు మందాలు దొరికే ఫాంట్లు పెట్టుకోండి: నోటో సాన్స్ తెలుగు, హింద్ గుంటూరు, అనెక్ తెలుగు మూడూ గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీగా దొరుకుతాయి, సన్నం నుంచి లావు దాకా ఉంటాయి. కార్డ్ మీద రెగ్యులర్, వెల్లమ్ మీద మీడియం, అంతకన్నా లావు వద్దు, బోల్డ్ చేసిన కొద్దీ మన అక్షరాల కడుపులు మూసుకుపోతాయి. ముదురు పేపర్ మీద తెల్ల అక్షరాలు పెట్టి ప్రింట్ చేయిస్తుంటే ఒక మెట్టు లావు తీసుకోండి, చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకి సన్న గీతల్ని తినేస్తది. మండలి ఫాంట్ కూడా పేరాలకి హాయిగా ఉంటది. రవిప్రకాష్, ధూర్జటి లాంటి అలంకారం ఉన్నవి టైటిల్‌కి ఉంచుకోండి, పూల పేపర్ మీద పూల అక్షరం పెడితే రెండూ నష్టపోతాయి.

మరి నేనేది తీసుకోవాలి అంటే

పేజీ మొదలుపెట్టేముందే రాయాల్సింది వేరే చోట టైప్ చేసుకోండి, ఎన్ని మాటలో చూడండి. పేరా నిండా కథ ఉంటే కార్డ్, పేపర్ ఏదైనా సరే. ఓ 20, 30 మాటలుండి పేపర్ మనకి ముఖ్యమైతే వెల్లమ్ 80, 85. ఒకే లైను క్యాప్షన్ అయితే గ్లో గానీ ఒక స్ట్రిప్ గానీ. సన్నటి గళ్ళూ చుక్కలూ ఉన్న పేపర్ మీద రంగు మార్చి ఆడుకోవడం టైమ్ వేస్ట్, నలుపు తెలుపు గళ్ళ మీద నల్లక్షరం నల్ల గడిలో పోతది, తెల్లక్షరం తెల్ల గడిలో పోతది. వాటర్‌కలర్ మరకలు, పాత కాగితం టెక్స్చర్, ఒకే రంగులో లేత ముదురు డిజైన్ ఉన్నవీ అయితే ఏ సాయం లేకుండా నేరుగా రాసేయొచ్చు, అక్షరం రంగు బాగా ముదురుగా ఉంటే చాలు. కార్డుకీ వెల్లమ్‌కీ మధ్య ఊగిసలాడుతుంటే కార్డ్ తీసుకోండి. వెల్లమ్ కంప్యూటర్ స్క్రీన్ మీద బాగుండి ప్రింట్‌లో ముదురుగా వచ్చే ప్రమాదం ఉంది, కార్డ్‌కి ఆ భయం లేదు.

సాఫ్ట్‌వేర్‌లో కూడా చిన్న తేడాలున్నాయి. పాత ఫోటోషాప్‌లో తెలుగు టైప్ చేస్తే వత్తులు విడిపోయి పక్కన పడుతుంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గరికెళ్ళి మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ ఎంచుకోండి, రీస్టార్ట్ చేసి పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టండి. గింప్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు మామూలుగానే సరిగ్గా వస్తది, గ్లో లాంటిది కావాలంటే టెక్స్ట్ లేయర్ మీద ఆల్ఫా టు సెలెక్షన్ కొట్టి, గ్రో చేసి, ఫెదర్ చేసి, కింద కొత్త లేయర్‌లో లేత రంగు నింపండి, అదే పని అయిపోతది. క్యాన్వాలో టెక్స్ట్ ఎఫెక్ట్స్‌లో బ్యాక్‌గ్రౌండ్ అని ఉంది, లైన్ల కింద పట్టీ వేస్తది, దాని ట్రాన్స్‌పరెన్సీ కూడా మార్చుకోవచ్చు, ఫోన్‌లో చేసేవాళ్ళకి స్ట్రిప్స్ కన్నా ఇదే తేలిక. లైన్ స్పేసింగ్ పెంచడం మర్చిపోవద్దు, లేకపోతే కింద పట్టీ పై వత్తుని కప్పేస్తది.

అయిపోయింది అనుకున్నాక రెండు పరీక్షలు పెట్టండి. పైన ఒక బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ వేసి పేజీని నలుపు తెలుపులో చూడండి. ఎర్ర పూల మీద ఆకుపచ్చ అక్షరాలు రంగుల్లో ఎంత విడిగా కనపడినా ఇక్కడ రెండూ ఒకే బూడిద అయిపోతే నిజం బయటపడ్డట్టే, అక్షరం ముదురు చేయండి లేదా కింద లేత చేయండి. రెండోది, జర్నలింగ్ ఉన్న ముక్కని అంత వరకే క్రాప్ చేసి అసలు సైజులో ప్రింట్ తీసి, పేజీలో ఏం రాశారో తెలియని మనిషికి ఇచ్చి పైకి చదవమనండి. రాసింది మనమే కాబట్టి మన కన్ను కనపడని సున్నాని కూడా చదివేస్తది. వాళ్ళు ఎక్కడ ఆగారో, ఎక్కడ కాగితం దగ్గరికి లాక్కున్నారో ఆ చోటు మార్చండి.

ఇక చేతిరాత. నాయనమ్మ రాసిన ఉత్తరం ముక్కో, నాన్న డైరీ పేజీయో స్కాన్ చేసి జర్నలింగ్‌గా పెట్టాలనుకునేవాళ్ళు ఉంటారు, అలాంటి పేజీ ముందు ఏ ఫాంటూ నిలబడదు. దాన్ని మల్టిప్లై మోడ్‌లో పెడితే తెల్ల కాగితం మాయమై సిరా మాత్రం ప్యాటర్న్ మీద మిగులుద్దని ట్యుటోరియల్స్‌లో చెప్తారు, మాయమవుద్ది నిజమే, కానీ పెన్ను గీత సన్నం, ఒత్తి రాసిన చోట ముదురు, తేల్చిన చోట లేత, పూల పేపర్ మీద ఆ లేత గీతలన్నీ పోతాయి. ఆ కాగితాన్ని కాగితంలాగే ఉంచండి. 300 కన్నా తక్కువ కాకుండా స్కాన్ చేయండి, మడతలూ పసుపు మరకలూ తుడిచేయకండి, లెవెల్స్‌లో సిరా కొంచెం ముదురయ్యేదాకా మాత్రమే లాగండి, అంచులు అలాగే ఉంచి చిన్న నీడ ఇచ్చి ప్యాటర్న్ మీద పెట్టేయండి. ఆ ఉత్తరమే మీ జర్నలింగ్ కార్డ్ అయిపోతది. రాత మరీ చిన్నగా ఉంటే దాన్ని పెద్దది చేసి సాగదీయకుండా అందులో ముఖ్యమైన రెండు మూడు లైన్లు మాత్రం కత్తిరించి పెట్టండి, మొత్తం ఉత్తరాన్ని పక్క పేజీలో ఒక్క కాగితంగా నిండుగా పరిచి, దాని కింద ఏ ప్యాటర్నూ లేని ప్లెయిన్ పేపర్ వేయండి.